పక్కదుప్పటి, ఇస్త్రీపెట్టె

మదర్సాలో పిల్లలకు పాఠం చెప్పుకొనే నావంటివాడు ఇస్త్రీపెట్టెను గురించి వ్రాయడమేమిటని పాఠకులు అనుకోవచ్చు. మా అమ్మీజాన్ మంచాన పడిన ఆ రెండు వర్షాకాలాలు గడవక ముందు నేనూ అలాగే అనుకొనేవాణ్ణి.

మా గుండుగొలను కొల్లేటికి దగ్గర. ముసురు పట్టిందంటే ఉదయం ఆరవేసిన దుప్పటి రాత్రికి కూడా చెమ్మ విడవదు. అమ్మీకి రోజుకు మూడు దుప్పట్లు మార్చవలసి వచ్చేది. కదలలేని రోగికి దుప్పటి ముడతలు ఒత్తుకొని, చెమ్మకు చర్మం మెత్తబడి, తుంటి దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయని వైద్యుడు చెప్పారు. రెండు గంటలకొకసారి ప్రక్కకు తిప్పాలనీ, పక్క పొడిగా, ముడత లేకుండా ఉండాలనీ హెచ్చరించారు. ఇస్త్రీ అంటే పండుగనాటి కుర్తాకు చేసేదని భావించిన నాకు, అది తల్లి సేవలో భాగమని ఆనాడు తెలిసింది.

ఇంట్లో ఉన్నది పాత ఇత్తడి బొగ్గుల పెట్టె. నిప్పురవ్వ పడి రెండు దుప్పట్లకు చిల్లులు పడ్డాయి. నేను ఏలూరు వెళ్లి, ఇంట్లో ఎవరినీ అడగకుండా, దుకాణంలో అన్నిటికన్నా ఖరీదైన ఆవిరి ఇస్త్రీపెట్టెను కొనుక్కొచ్చాను. మా బోరు నీటిలో లవణాలెక్కువ. కొద్ది వారాలకే ఆవిరి రంధ్రాలు సున్నంతో పూడి, తెల్లని దుప్పటిపై గోధుమరంగు చుక్కలు రాలసాగాయి. లోపం పెట్టెది కాదు. శుద్ధిచేసిన నీటినే పోయాలని దానితోపాటు ఇచ్చిన కాగితంలో ఉన్నది. ఇన్ని కితాబులు చదివిన నేను ఆ ఒక్క కాగితం చదవలేదు!

ఒకనాడు ఇషా నమాజు ముగించుకొని వచ్చేసరికి నా సహధర్మచారిణి నేలపై కంబళి పరచుకొని, వంగి, కుడి మణికట్టును ఎడమచేత్తో అదిమిపట్టుకొని ఇస్త్రీ చేస్తున్నది. నొప్పిగా ఉన్నదా అని అడిగాను.

“నీళ్లు నింపితే ఇంకా బరువవుతుందండీ. కొనేనాడు నన్నూ తీసుకువెళ్లి ఉంటే ఒకసారి ఎత్తి చూసేదాన్ని కదా” అన్నది.

నేను జవాబు చెప్పలేకపోయాను. మహాప్రవక్త (స) ఇంట్లో ఉన్నంతసేపు ఇంటివారి పనులలో ఉండేవారనీ, నమాజు వేళకు బయలుదేరేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన హదీసు సహీహ్ బుఖారీలో ఉన్నది. ఏళ్ల తరబడి నేను పిల్లలకు బోధించిన హదీసే అది. ఆ రాత్రి మిగిలిన దుప్పట్లు నేను చేశాను. రెండవదానికే నడుము పట్టివేసింది.

ఆ వారంలోనే ఇద్దరం కలిసి ఏలూరు వెళ్లాం. ఆమె నాలుగు పెట్టెలను చేతబట్టి చూసి, నీటి తొట్టి లేని, కిలోకు కాస్త పైబడిన, 1000 వాట్ల సాదా పెట్టెను ఎంచుకొన్నది. ఐ.ఎస్.ఐ. గుర్తు, మూడు పిన్నుల ప్లగ్గు, బల్ల చివరిదాకా అందే తీగ, చేతికి ఒదిగే పిడి ఉన్నాయో లేవో చూసుకొన్నాం. గంటసేపు ఆగకుండా కాలినా దానికయ్యేది ఒక్క యూనిట్టే. వేడెక్కగానే తనంతట తాను ఆగుతూ ఉంటుంది కనుక ఇంకా తక్కువే అవుతుంది.

పెట్టె బరువుగా ఉంటే ముడత త్వరగా పోతుందన్న మాట నిజమే. అయితే ఆ బరువు చేసే పనిని చెమ్మ, వేడి కలిసి చేయగలవు. నూలు దుప్పటి ఎండి బిర్రబిగిసిన తరువాత ఎంత రుద్దినా ముడత వదలదు. కాస్త చెమ్మ ఉండగానే చేయాలి. ఆరిపోతే నీళ్లు చిలకరించి, చుట్టి, అరగంట ఉంచాలి. నాలుగు మడతలు వేసి, నడుమెత్తు బల్లపై పెట్టెను ఎత్తకుండా జరుపుకొంటూ పోవాలి. నూలుకు మూడు చుక్కల వేడి, పాలిస్టరు కలిసినదానికి రెండు చుక్కల వేడి చాలు. పూర్తయ్యాక కాసేపు దండెంపై వేస్తే మిగిలిన చెమ్మ కూడా పోతుంది.

ఒక్క సంగతి మరువరాదు. ఇస్త్రీ వేడికి వస్త్రం ఆరుతుందే గాని పాక్ కాదు. మూత్రం తగిలిన దుప్పటిని మూడుసార్లు కడిగి, ప్రతిసారీ పిండిన తరువాతనే ఇస్త్రీకి తీసుకోవాలని మా హనఫీ ఉలమాలు బోధిస్తారు.

ఆనాటి నుండి ఇషా తరువాత దుప్పట్ల పని నాది, ఫజ్ర్ తరువాత పక్క మార్చే పని ఆమెది. గత సంవత్సరం అమ్మీ మమ్మల్ని విడిచి వెళ్లారు. గుసుల్ చేయించిన స్త్రీలు బయటికి వచ్చి, ఆమె ఒంటిపై ఒక్క పుండైనా లేదని చెప్పారు. అల్హమ్దులిల్లాహ్ అన్నాను. నా భార్య అప్పుడు మణికట్టును తడుముకొంటూ వాకిట్లో కూర్చొని ఉన్నది.

సోదరులారా, ఇంటికి ఏ పనిముట్టు తెచ్చినా, రోజూ దానిని పట్టుకోబోయేవారిని ముందుగా అడగండి. వీలైతే ఒక పూట మీరే పట్టుకొని చూడండి.