మోరీలు తీసినంక బడి

బడి ఊడ్చేది ఎవరన్నది చిన్న విషయం. ఆ మనిషికి పొద్దున్నే పని చెప్పేది ఎవరన్నదే అసలు సంగతి. తెలంగాణలో ఊరి హైస్కూలు హెచ్‌ఎంగా కరోనా తర్వాత నాకిది బాగా తెలిసొచ్చింది.

అంతకుముందు మాకో స్వచ్ఛ కార్మికురాలు ఉండేది. నెలకు 2,500 రూపాయలు. దాన్ని జీతం అనడానికే సిగ్గు. అయినా ఆమె బడి మనిషి. ప్రార్థన గంట కొట్టేసరికి గదులు ఊడ్చి, మోటరు వేసి, ట్యాంకు నింపి ఉంచేది. కరోనాకు మూతపడ్డ బడులు తెరిచాక స్వచ్ఛ కార్మికులను మళ్లీ తీసుకోలేదు. ఆ పనిని ఊళ్లలో పంచాయతీలకు, పట్టణాల్లో మున్సిపాలిటీలకు అప్పగించారు.

కాగితం మీద బాగానే ఉంది. పంచాయతీకి ట్రాక్టరుంది, మనుషులున్నారు. కానీ వాళ్ల మస్టరు ఉండేది కార్యదర్శి దగ్గర. ఇంటింటి చెత్త, మోరీలు, నర్సరీ మొక్కలకు నీళ్లు... ఇవన్నీ అయ్యాకే బడి. పంచాయతీ మనిషికి ఫోన్ చేస్తే "మోరీలు తీసినంక వస్త సారూ" అనేవాడు. వచ్చేసరికి రెండో పీరియడ్. పిల్లలు కూర్చున్న గదిని ఎట్లా ఊడుస్తాడు? వరండా ఊడ్చి పోయేవాడు. మరుగుదొడ్ల మాటెత్తితే "అది మా డ్యూటీల లేదు సార్". కార్యదర్శిని తప్పుపట్టలేం, ఉన్న నలుగురితో ఊరంతా చూసుకోవాలి.

అసలు తిప్పలు ఆడపిల్లల మరుగుదొడ్డి దగ్గర. నల్లా వాషరు అరిగితే ట్యాంకు తెల్లారేసరికి ఖాళీ. ఒకరోజు నీళ్లు లేకపోతే మర్నాడు ఎవరూ అటు పోరు. ఇంకో రెండు రోజులకు ఆ బేసిన్‌కు బ్లీచింగ్ పౌడర్ కాదు, యాసిడ్ కావాలి. ఎనిమిదో తరగతి పిల్లలు అన్నం తిని గుక్కెడు నీళ్లయినా తాగట్లేదని మా తెలుగు టీచరమ్మ కనిపెట్టింది. టీచర్లం తలా ఇంత వేసుకుని ఒకామెను పెట్టుకున్నాం. ఏ రికార్డులోనూ లేని ఉద్యోగం!

2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలొచ్చాయి. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెచ్‌ఎం కన్వీనర్. పారిశుద్ధ్యానికి పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3,000 నుంచి 20,000 దాకా ఇస్తామన్నారు. మా బడి 8,000 లెక్కలోకొచ్చింది. కూలీ అందులోనే, ఫినాయిలూ చీపుర్లూ అందులోనే. మనిషిని వెతకడం, రేటు మాట్లాడటం, రాని రోజు ఇంకొకరిని బతిమాలడం మళ్లీ మా నెత్తినే పడ్డాయి. నాకైతే అదే నయం. ఇప్పుడు ప్రార్థన గంటకు ముందే గదులు ఊడుస్తున్నారు. నిధులు ఆలస్యమైన నెల ఊడ్చే ఆమెకు ఏం చెప్పాలన్నదే కమిటీ మీటింగులో ఇంకా తేలలేదు.