వాక్యూమ్ - హైడ్రోజన్ - మావయ్య జీపు



వాక్యూమ్ అంటే శూన్యం అని పుస్తకంలో చదువుకున్నాం. కానీ అది ఒక ఇంటి డబ్బును కాపాడుతుందని నేననుకోలేదు.

పెట్రోల్ ఇంజన్‌లో గాలి వెళ్లే దారికి థ్రాటిల్ అనే చిన్న రేకు తలుపు ఉంటుంది. బండి నిలబడి ఇంజన్ తిరుగుతున్నప్పుడు అది దాదాపు మూసి ఉంటుంది. పిస్టన్ లాగుతున్నా గాలి చాలదు కాబట్టి లోపల పీడనం పడిపోతుంది. అదే ఇంజన్ వాక్యూమ్. గేజీ పెడితే విశాఖలో 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపించే ఇంజన్, 3000 అడుగుల ఎత్తున్న మా అరకులో సుమారు 3 అంగుళాలు తక్కువ చూపిస్తుంది. ఘాట్ ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే తలుపు తెరుచుకుని వాక్యూమ్ దాదాపు సున్నా అవుతుంది. అంటే వాక్యూమ్‌నే నమ్ముకున్న గ్యాసు పైపు, అవసరం లేనప్పుడు ఎక్కువిచ్చి, ఎత్తు ఎక్కేటప్పుడు చెయ్యిస్తుంది!

మా మావయ్య అనంతగిరి మీదుగా ఎస్.కోటకు జీపు నడుపుతాడు. నా చదువు ఖర్చు ఆ జీపుదే. వేసవిలో ఒకతను వచ్చి "నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసే కిట్టు ఇది, ఇంజన్ వాక్యూమే దాన్ని లాక్కుంటుంది, డీజిల్ సగం మిగులుతుంది" అన్నాడు. మావయ్య కాఫీ గింజలమ్మిన డబ్బు తీసిపెట్టాడు. "ఎం.పి.సి. చదువుతున్నావు కదమ్మా, చూసి చెప్పు" అన్నాడు.

మావయ్యది డీజిల్ జీపు. దానికి థ్రాటిల్ తలుపే లేదు. లాక్కోవడానికి వాక్యూమ్ ఎక్కడిది? బ్రేకుల కోసం ఆల్టర్నేటర్ వెనక వేరే వాక్యూమ్ పంపు పెట్టారని మెకానిక్ అన్న చూపించాడు. తర్వాత లెక్క వేశాను. 6 సెల్స్ వరసగా కలిపి 20 ఆంపియర్లు పంపితే గంటకు వచ్చే హైడ్రోజన్ సుమారు 50 లీటర్లు. వినడానికి ఎక్కువే. అందులోని శక్తి 15 మిల్లీలీటర్ల డీజిల్‌కు సమానం, మూడు చెంచాలు! ఆ కరెంటు కూడా డీజిల్ కాలిస్తే వచ్చిందే.

మావయ్య కాసేపు మాట్లాడలేదు. డబ్బు అత్త చేతికిచ్చి, "అయితే హైడ్రోజన్ అబద్ధమా?" అనడిగాడు.

అబద్ధం కాదు. 2025 జనవరి 8న మన పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. కాకపోతే ఈ వాయువు గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఎంత కలిసినా అంటుకుంటుంది, మంట వెనక్కి గాలి గొట్టంలోకే రావచ్చు. అందుకే దాన్ని వాక్యూమ్ దయకు వదలకుండా, సిలిండర్ ఒత్తిడిని రెగ్యులేటర్‌తో తగ్గించి, ఇంజెక్టర్‌తో కొలిచి, వాల్వు తెరిచే వేళ చూసి పంపుతారు.