అరటిపండు ఒలిచినట్టు

మన ఎంపీల ఎన్నికల అఫిడవిట్లు ఎప్పుడైనా తీరిగ్గా తిరగేశారా? వృత్తి అన్న చోట ‘వ్యాపారం’ అని రాసినవాళ్లు కోకొల్లలు. కాంట్రాక్టులా, కాలేజీలా, స్థలాలా అన్నది మన ఊహాశక్తికే వదిలేస్తారు. ఇవాళ నేను చెప్పబోయే ఆవిడ వ్యాపారం గురించి ఊహించుకునే పనేం లేదు. కార్లు బాగుచేసే షెడ్డు. పేరు ‘డీన్స్ కార్ కేర్’. డీన్ అంటే వాళ్లాయన.

ఆవిడ పేరు మేరీ గ్లూసెన్‌క్యాంప్ పెరెజ్. షెడ్డేమో అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రపు పోర్ట్‌లాండ్‌లో. ఇల్లేమో కొలంబియా నది అవతల, వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కమేనియా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). అంతా కొండలూ అడవులూ. ‘బిగ్‌ఫుట్’ అని అడవిలో తిరిగే ఒంటినిండా జుట్టున్న వింతజీవి ఒకటుందని అక్కడివాళ్ల ముచ్చట. దాన్ని చంపితే నేరమని ఆ కౌంటీవాళ్లు 1969లో ఏకంగా చట్టమే చేశారు! నవ్వకండి, నిజం.

చదువురాని మెకానిక్ చట్టసభకెక్కిన సినిమా కథ మాత్రం కాదిది. రీడ్ కాలేజీలో ఎకనామిక్స్ చదివిన మనిషి. 2016లో కౌంటీ కమిషనర్ పదవికి నిలబడి ఓడిపోయింది. 2022లో ఏకంగా కాంగ్రెస్‌కే, అంటే మన లోక్‌సభ లాంటి ప్రతినిధుల సభకే, డెమొక్రటిక్ పార్టీ తరఫున నిలబడింది. అప్పటిదాకా ఆ సీటు రిపబ్లికన్ల చేతిలో ఉంది. ట్రంప్‌ని అభిశంసించాలని ఓటేసిన సొంత పార్టీ సభ్యురాలిని వాళ్లే ప్రైమరీ అనే తొలి వడపోతలో ఇంటికి పంపి, ట్రంప్ మెచ్చిన జో కెంట్‌ని ముందుకు తెచ్చారు. ఎన్నికల జోస్యానికి పేరుపడ్డ ‘ఫైవ్‌థర్టీఎయిట్’ వాళ్లు ఈవిడకి వందలో 2 పాళ్లే అవకాశం అన్నారు. 3 లక్షల పైచిలుకు ఓట్లు పోలైతే, ఈవిడ రెండున్నర వేల పైన తేడాతో గట్టెక్కింది.

‘వ్యాపారం నడిపినట్టే దేశాన్నీ నడుపుతాను’ అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. షెడ్డులో నచ్చని గిరాకీని పొమ్మనొచ్చు, దేశంలో ఎవర్ని పొమ్మంటాం? అయితే దుకాణం నడిపినవాళ్లకి ఒకటి మాత్రం పట్టుబడుతుంది: రూలు కాగితం మీద ఎలా ఉందని కాదు, కౌంటర్ దగ్గర ఎలా అడ్డుపడుతుందో తెలుస్తుంది. ఈవిడ పిల్లాణ్ణి చూసుకునే చోటు దొరక్క, చంటివాణ్ణి షెడ్డుకే తీసుకొచ్చిన తల్లి. తర్వాత ఓ డేకేర్‌లో సంగతి విని కడుపు మండింది. అక్కడ పిల్లలకి చిప్స్ ప్యాకెట్ చించి పెట్టొచ్చట, అరటిపండు మాత్రం ఒలవకూడదట! ఒలిస్తే అది ‘ఆహారం తయారుచేయడం’ కిందికొస్తుందట. దానికి అదనంగా సింకులు కట్టించాలట, లైసెన్సు వేరేనట. ఎంత బాగుందండీ! మనం ఏదైనా సులువుగా చెప్తే అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు అంటాం, అక్కడ ఆ ఒలవడానికే సింకు కావాలట. ఈవిడ కాంగ్రెస్‌లో దానిమీద బిల్లే పెట్టింది.

ఇంకోటి మరీ మనకి తెలిసిన గొడవ. కారులో ఏదో లైటు వెలుగుతుంది. వీధిచివర మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, ‘ఇది కంపెనీ షోరూమ్‌కే తీసుకెళ్లాలి సార్’ అంటాడు. పని రాక కాదు పాపం. ఇప్పటి కారంటే సగం కంప్యూటర్, ఆ సమాచారం తాళాలు కంపెనీ దగ్గరుంటాయి. ఆ సమాచారం యజమానికీ, అతను నమ్మిన మెకానిక్‌కీ అందాలని తెచ్చిన ‘రిపేర్’ బిల్లుని ముందుకు నెట్టినవాళ్లలో ఈవిడ ఒకరు. షెడ్డుగల మనిషికి అందులో సొంత లాభం లేదా అంటే, ఉంది. ఉన్నా సరే, నేనైతే ఆవిడ పక్షమే.

అన్నిట్లోనూ పక్షం కాదులెండి. 2023లో అప్పటి అధ్యక్షుడు బైడెన్ తెచ్చిన విద్యార్థుల అప్పుల మాఫీని కొట్టేసే తీర్మానానికి సభలో డెమొక్రాట్లు ఇద్దరే ఓటేశారు, అందులో ఈవిడ ఒకరు. డిగ్రీ అప్పులు మాఫీ చేస్తే, అంతే డబ్బు చేతిపనుల చదువుకీ పెట్టాలన్నది ఆవిడ వాదన. అడగడంలో న్యాయముంది. కానీ ఒకడికి రాలేదని ఇంకొకడి విస్తరి లాగేయడమేమిటని నాకు ఇప్పటికీ కొరుకుడుపడదు. సొంత పార్టీవాళ్లూ దుమ్మెత్తిపోశారు.

2024లో మళ్లీ అదే జో కెంట్ బరిలోకి దిగాడు. ఆ నియోజకవర్గంలో అధ్యక్ష పదవికి ట్రంప్‌కే మొగ్గు వచ్చింది. అదే ఓటర్లు ఎంపీ వరసకొచ్చేసరికి షెడ్డావిణ్ణే గెలిపించారు, ఈసారి తేడా పెంచి మరీ.