రాజశేఖరం రాకెట్టెక్కితే

నవలా నాయకుడు ఆరడుగుల పొడుగుండాలనీ, కారు తనే నడపాలనీ, నవ్వితే నెలకోసారి మాత్రమే నవ్వాలనీ శాసనం చేసిందెవరో గానీ, మా తరం ఆడపిల్లలందరం ఆ శాసనానికి తలొగ్గినవాళ్ళమే. అతగాడు హీరోయిన్ని చూసి కూడా చూడనట్టుండాలి. ఒక్క మాటంటే అది సూదిలా గుచ్చుకోవాలి. ఇంతా చేసి ఆఖరి ప్రకరణానికొచ్చేసరికి ఆ పొగరంతా ప్రేమేనని తేలిపోవాలి. తేలకపోతే మేం వూరుకునేవాళ్ళమా?

మా కల్లూరు ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్ళే దారిలో వుంది. ఆ రోజుల్లో బస్టాండు దగ్గర ఒకాయన నవలలు అద్దెకిచ్చేవాడు, రోజుకి పావలా. పక్కింటి పిన్నిగారు, నేను, మా చెల్లెలు ముగ్గురం కలిసి ఒక్క పావలాతో ఒక నవల లాగించేసేవాళ్ళం. మధ్యాహ్నం పూట పిన్నిగారింట్లోంచి పప్పు మాడిన వాసన వస్తే ఆవిడ క్లైమాక్సులో వున్నారని లెక్క.

ఆ నవలల్లో తలమానికం 'సెక్రటరీ' అని వేరే చెప్పాలా? యద్దనపూడి సులోచనారాణిగారు రాశారు. కృష్ణా జిల్లా కాజలో పుట్టి, 2018లో అమెరికాలో కన్నుమూసేదాకా ఎంతోమంది ఆడవాళ్ళ మధ్యాహ్నాలు ఆవిడవే. 1976లో ఆ నవల సినిమాగా వచ్చినప్పుడు అక్కినేని రాజశేఖరం, వాణిశ్రీ జయంతి. అందరూ రాజశేఖరాన్నే తలుచుకుంటారు గానీ, నాకు మాత్రం జయంతి పొద్దున్నే లేచి ఉద్యోగానికి వెళ్ళడం వింతగా వుండేది. సెక్రటరీ అంటే ఏం ఉద్యోగమో మాకు తెలిసిందే ఆ నవల వల్ల!

ఇంతకీ ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మా చెల్లెలి కూతురు వల్ల. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. మొన్న సంక్రాంతి సెలవులకొచ్చి, రాత్రిళ్ళు డాబా మీద పడుకుని ఫోన్‌లో ఏదో చదువుతూ తనలో తనే నవ్వుకుంటోంది.

"ఏమిటే అంత నవ్వు?" అన్నాను.

"నీ రాజశేఖరమే పెద్దమ్మా. కాకపోతే వేరే గ్రహం మీద వున్నాడు" అంది.

ఇంగ్లీషు నవల. పేరు 'డ్రాగన్‌ఫ్లైట్'. రాసినావిడ ఆన్ మెకాఫ్రీ, అచ్చయింది 1968లో. రెండు రాత్రుల పాటు నాకు కథంతా తెలుగులో చెప్పింది. పెర్న్ అని ఒక గ్రహం. అక్కడి ఆకాశంలో ఒక ఎర్ర నక్షత్రం దగ్గరికొచ్చినప్పుడల్లా పైనుంచి దారాల్లాంటివి రాలతాయిట. అవి తాకితే పచ్చటి చేను క్షణంలో మటుమాయం. (2021లో మిర్చికి తామర పురుగు పట్టినప్పటి సంగతి చూసిన మా ఖమ్మం జిల్లావాళ్ళకి ఇది విప్పి చెప్పక్కర్లేదు.) ఆ దారాలు నేలని తాకకముందే గాలిలోనే కాల్చెయ్యడానికి నిప్పులు కక్కే డ్రాగన్లూ, వాటిమీద స్వారీ చేసే మనుషులూ వుంటారు.

హీరోయిన్ పేరు లెస్సా. తెలుగువాళ్ళం, ఆ పేరు విన్నాక మెచ్చుకోకుండా వుండగలమా? తనవాళ్ళనందరినీ చంపించి కోట ఆక్రమించుకున్న దుర్మార్గుడింట్లోనే, మసిబట్టలు కట్టుకుని, పదేళ్ళపాటు వంటింట్లో అంట్లు తోముతూ అదను కోసం కాచుకుని వుంటుంది. హీరో ఫ్లార్. ఆజ్ఞాపించడమే తప్ప అడగడం తెలియని మనిషి. కోపమొస్తే ఆ పిల్ల భుజాలు పట్టుకుని కుదిపేస్తాడు కూడా. అదొక్కటీ నాకు నచ్చలేదు. మా రాజశేఖరం మాటలతోనే సరిపెట్టేవాడు, ఆ మర్యాద వుంది అతనికి.

లెస్సాకీ ఒక ఆడ డ్రాగన్ వుంది, రాణి. కాలంలో వెనక్కి కూడా ఎగిరిపోగలదు. దారాలు రాలే వేళ దగ్గరపడింది. చూడబోతే ఫ్లార్ దగ్గర వున్న డ్రాగన్లు చాలవు. అయినా లెస్సాని మాత్రం కాలంలో ఎగరొద్దంటాడు. ఆవిడ వింటుందా? ఎవరితోనూ చెప్పకుండా ఒంటరిగా నాలుగు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళి, ప్రాణం మీదికి తెచ్చుకుని, అయిదు దళాల డ్రాగన్లని వెంటబెట్టుకుని తిరిగొస్తుంది!

ఈ మెకాఫ్రీగారికి అంతకుముందే ఒక కోపం వుందిట. అప్పటి అంతరిక్ష కథల్లో ఆడదానికి పనేమిటంటే, ఒక మూల నిలబడి కెవ్వుమని అరవడం. ఆ విసుగుతోనే 1967లో మొదటి నవల రాసింది. మరుసటేడాది, కథారచనకి హ్యూగో బహుమతి అందుకున్న మొట్టమొదటి ఆడమనిషి అయింది.

మనవైపు ఇలాంటివి లేవా అంటే, వున్నాయి. 1957లోనే 'మాయాబజార్'లో శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరిచి అభిమన్యుణ్ణి చూసింది, ఇప్పుడు మా పిల్ల ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు. 1991లో 'ఆదిత్య 369'లో 1526 నాటి రాయలవారి కొలువుకి వెళ్ళొచ్చాం. కానీ చూడండి, ఆ కాలయంత్రం కట్టింది హీరోయిన్ తండ్రి, సాహసాలు చేసింది హీరో. 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో ఇంద్రజ సాక్షాత్తూ దేవకన్య. అయితేనేం, వుంగరం పోగొట్టుకుంది, అది కాస్తా హీరో వేలికెక్కింది. అది లేనిదే ఆవిడకి సొంత లోకంలోకి ప్రవేశమే లేదు! దేవకన్యకైనా ప్రయాణసాధనం మగవాడి చేతిలో వుంటే ఏం చేస్తుంది పాపం? లెస్సా బండి లెస్సాదే. అందుకే వెళ్ళగలిగింది.

ఇక అసలు సంగతికొస్తాను. మా పిల్లకో సంబంధం కుదిరేట్టుంది. అబ్బాయి పొడగరి, మితభాషి. అంతలో దాని ఆఫీసువాళ్ళు పూనాలో ఏడాదిపాటు ఒక పని అప్పగిస్తామన్నారుట, దానికింద పదిమంది పని చేస్తారు. ఆ మాట అతనికి ఫోన్‌లో చెబితే, "నన్నడక్కుండా వొప్పుకోవద్దు" అని పెట్టేశాడు.

మా చెల్లెలు మురిసిపోయింది. "చూశావుటే అక్కా, ఎంత పట్టుదలో! అచ్చం రాజశేఖరం!" అంది.

పిల్ల నావైపు చూసింది. ఏం చెప్పను? రాజశేఖరం కటువుగా మాట్లాడినప్పుడు అతని గుండెలో ఏముందో మనకి చెప్పడానికి సులోచనారాణిగారున్నారు. ఆ పొగరుకి రచయిత్రి పూచీ. తొందరపడొద్దు, ఇంకో వంద పేజీలాగండి అని మనకి అభయమిచ్చేది. ఈ అబ్బాయికెవరు పూచీ? మధ్యవర్తి ఇచ్చే హామీ పెళ్ళి భోజనాల దాకానే కదా! ఆ ముభావం వెనక ప్రేమే వుందో, ఉత్త ముభావమే వుందో పేజీ తిప్పి చూడలేం. నాకు తెలిసిన ఒకావిడ, ఏ వూరో అడక్కండి, భర్త మౌనం వెనక వున్న ప్రేమ ఎప్పుడు బయటపడుతుందా అని ముప్పై ఏళ్ళు ఎదురుచూసింది. ఆయన పోయాక బీరువా కూడా సర్ది చూసింది. కరెంటు బిల్లులు దొరికాయి.

అందుకని పిల్లతో ఇంతే అన్నాను. "డ్రాగన్ నీది. అతన్ని అడగొద్దనను, గొడవపడమనీ అనను. వెళ్ళాలనుంటే వెళుతున్నానని చెప్పు. అప్పుడతను ఏమంటాడో, అదీ అతని అసలు మాట."

"ఆ ఫ్లార్ ఏమన్నాడో గుర్తుందా పెద్దమ్మా?" అంది.

గుర్తే. ఆవిడ కనపడకుండా పోయినన్నాళ్ళూ పిచ్చివాడైపోయాడు. తిరిగొచ్చాక మాత్రం ఆవిడ తెచ్చిన దళాలతో కలిసి యుద్ధానికి బయల్దేరాడు. వాటిని వెనక్కి పంపెయ్యమనలేదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి సరేనని రాసేసింది. అతనికీ ఆ మాటే రాసింది, తేదీలతో సహా. రెండు రోజులు చడీచప్పుడూ లేదు. మా చెల్లెలు దేవుడి గూటి ముందునుంచి లేవలేదు. మూడోనాడు ఫోనొచ్చింది. "పూనాలో ఎక్కడుంటావు? నెలకోసారి నేనే రానా?" అన్నాడుట.

"మీరు రావచ్చు. పెళ్ళి మాట మాత్రం అక్కడికెళ్ళాక ఆలోచిస్తాను" అందిట మా పిల్ల.

మా చెల్లెలికి మాత్రం ఏదో వెలితిగానే వుంది. "రెండ్రోజులకే దిగొచ్చాడేమిటే అక్కా! రాజశేఖరమైతేనా..." అంటోంది, పిల్ల సూట్‌కేసులో గోంగూర పచ్చడి సీసా సర్దుతూ.