జోరీగ తెచ్చిన జ్వరము

ఆటోరిక్షాలు పెరుగక మునుపు తిరుపతి రైలు నిలయము వెలుపల జట్కా బండ్లు బారులు తీరి యుండెడివి. యాత్రికుల మూటలను, గుండు చేయించుకొన్న పిల్లలను మోసినవి ఆ బక్క గుఱ్ఱములే. జట్కావానికి గుఱ్ఱమే పొలము, గుఱ్ఱమే పంట.

అట్టి గుఱ్ఱములను చాటుగా తినివేయు వ్యాధి యొకటి కలదు. దాని పేరు సర్రా. జోరీగ యొక రోగపు గుఱ్ఱమును కుట్టి, నెత్తురంటిన మూతితో మఱియొక దానిపై వ్రాలును. వ్యాధి ప్రాకుటకు అంత చాలును. కొన్నాళ్లు జ్వరము, కొన్నాళ్లు నెమ్మది, మరల జ్వరము. కాళ్లకును పొట్టక్రిందను నీరు చేరును. గుఱ్ఱము ఉలవలు తినుచునే యుండును గాని, తిన్నది ఒంట బట్టదు. తుదకు వెనుక కాళ్లు తడబడును. చూచువారు దిష్టి యందురు, మేత చాలదందురు.

1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అను సైనిక పశువైద్యుడు, నేడు పాకిస్తానులో నున్న డేరా ఇస్మాయిల్ ఖాను వద్ద, గుఱ్ఱముల నెత్తురును, ఒంటెల నెత్తురును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందు ఈదులాడు జీవులను కనుగొనెను. రోగమునకు కారణ మవియే యని చెప్పగా పెద్దలు పలువురు నమ్మరైరి. నేడు ఆ జీవి ఆయన పేరనే ట్రిపనోసోమా ఇవాన్సై యనబడుచున్నది.

నాకు పండ్రెండేండ్లప్పుడు, 1972లో, మా వీథి జట్కా సాయిబు గుఱ్ఱము ఇట్లే చిక్కిపోయెను. 1955లో నెలకొల్పిన పశువైద్య కళాశాల మా యూర నుండుట ఆయన భాగ్యము. ఆయన వెంట నేనును పోతిని. వైద్యుడు చెవి నరమునుండి చుక్క నెత్తురు తీసి చూచి, "ఏమియు కనబడలేదు" అనెను.

"అయితే జబ్బు లేదా సామీ?"

"జబ్బు లేదనలేదు సాయిబూ! ఈ చుక్కలో లేదంటిని. జ్వరము వచ్చిన పూట తోలుకొని రమ్ము."

పరీక్షలోని కిటుకంతయు ఇదియే. ఒడలు ఆ జీవులను చంపును. పైపొర మార్చుకొన్న కొన్ని మాత్రము తప్పించుకొని మరల పెరుగును. అవి పెరిగినపుడు జ్వరము. తగ్గినపుడు నెత్తుట ఒక్కటియు దొరకకపోవచ్చును. పిడుదులు తెచ్చు మఱియొక జ్వరమున పరాన్నజీవులు ఎఱ్ఱ కణముల లోపలనే కాపురముండును. వానిని చూచుటకు నెత్తురును గాజుపలకపై పలుచగా పూసి జీమ్సా రంగు వేయుదురు. నేడు పి.సి.ఆర్. పరీక్షచే, సూక్ష్మదర్శినికి చిక్కనంత కొద్దిగా నున్నను సర్రాను పట్టవచ్చును. పందెపు గుఱ్ఱములకు ఇట్టి సౌకర్యములు దొరకును. జట్కా గుఱ్ఱములకు దొరకుట అరుదు.

నాలుగవ నాటి రాత్రి గుఱ్ఱపు ఒడలు కాలిపోయెను. తెల్లవాఱగనే నడిపించుకొని పోతిమి; బండి కట్టలేదు. ఈసారి వైద్యుడు నన్నును చూడనిచ్చెను. మొదట నాకు ఎఱ్ఱ కణములే కనబడెను. అవి ఊరకుండక, సంతలో జనము వలె త్రోపులాడుచుండెను. పిదప వానిని త్రోయుచు మెలికలు తిరుగు సన్నని జీవి కంటబడెను. సాయిబు చూడనొల్లలేదు, "మందున్నదా?" అని మాత్ర మడిగెను.

ఉన్నది. సూది వేసిరి. గుఱ్ఱము మరల బండి లాగుటకు మూడు నెలలు పట్టెను. అంతవఱకు సాయిబు అద్దెకు తెచ్చిన సైకిలు రిక్షా త్రొక్కెను. మధ్యాహ్నము ఇంటికి వచ్చినపుడెల్ల, తాను చెంబెడు నీరు త్రాగక మునుపే గుఱ్ఱము పొట్టక్రింద చేయి పెట్టి వాపు తీసినదో లేదో చూచుకొనెడివాడు.