పండ్లు మార్చిన బండి

మా మిస్త్రీ నా బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "సారూ, మీకు పండ్లు తక్కువున్నయి" అన్నాడు. నాకు 46 యేళ్ళు వచ్చిన మాట నిజమే గాని, పళ్ళన్నీ యింకా నోట్లోనే వున్నాయి. అయినా అనుమానం కొద్దీ నాలుకతో వొకసారి లెక్కపెట్టుకున్నాను. అతననేది ఫ్రీవీల్ సంగతి! తెలుగు పాఠాలు చెప్పుకు బతికేవాడికి ఆ మాత్రం నానార్థం తట్టకపోవడం సిగ్గుచేటే.

నాది చేతులతో తొక్కే మూడు చక్రాల బండి. 'చేతులతో తొక్కడం' వ్యాకరణానికి పొసగదు. పోలియో వ్యాకరణం చూసుకుని రాదు కదా. మా లాలాపేటలో రైలు పట్టాల మీది ఫ్లైఓవరు దాటితే గాని నాకు రోజు గడవదు. చదును నేల మీద నా బండి దర్జాగానే పోతుంది. వంతెన సగానికి వచ్చేసరికి భుజాలు మొరాయిస్తాయి. ఆగితే బండి వెనక్కి జారుతుంది. వెనక బస్సు వుంటుంది.

అందుకని మా కాలేజీ కుర్రాడొకడు రోజూ వంతెన మొదట్లో నిలబడి తోసేవాడు. నేను పిలవలేదు, అతను అడగలేదు. మంచివాడే. కాని తోస్తున్నవాడి మొహం మనకు కనబడదు చూడండి, అదే నన్ను బాధించేది. పైగా అతను సంధులు అడిగేవాడు. రొప్పుతూ నేను "రేపు చెబుతాలే" అనేవాణ్ణి. ఆ రేపులు చాలా పోగుపడ్డాయి.

మిస్త్రీ లాలాగూడా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. లెక్క నేల మీద సుద్దముక్కతో వేశాడు. చేతి కింది చక్రానికి 32 పళ్ళు, ముందు చక్రం ఫ్రీవీల్‌కి 18. వొక చుట్టు తిప్పితే బండి దాదాపు 3.7 మీటర్లు పోవాలి. గేరు సైకిలు ఫ్రీవీల్ వేస్తే ఆరు చక్రాలుంటాయి, చిన్నదానికి 14 పళ్ళు, పెద్దదానికి 28. పెద్దదాని మీద చుట్టుకు 2.4 మీటర్లే. బలం మూడింట రెండు వంతులు చాలు. వంతెన యెత్తేమీ తగ్గదు, అదే పని యెక్కువ చుట్లకు పంచుకోవడమన్నమాట.

గేర్లంటే నాకు మొదట చిన్నతనంగానే తోచింది. టూర్ ది ఫ్రాన్స్ పందెం పెట్టిన దెగ్రాంజ్ దొరకూ అదే అభిప్రాయం; గేర్లు 45 దాటినవాళ్ళకేనని 1902లో రాశాడు. చెయిను వొక చక్రం మీంచి మరొకదానికి దూకే గేర్లను ఆ పందెంలో 1937 దాకా రానివ్వలేదు. ఆయన లెక్కన నాకు అర్హత వచ్చి యేడాది అయింది! 1655లోనే జర్మనీలో, నూరెంబర్గు దగ్గర, నడవలేక స్టెఫాన్ ఫార్‌ఫ్లర్ అనే గడియారాల పనివాడు చేతులతో తిప్పే మూడు చక్రాల బండి చేసుకున్నాడు. పళ్ళచక్రాలు అతని వృత్తే కనుక యెవరి సలహా అడగనక్కర లేకపోయింది.

కొత్త ఫ్రీవీల్ వెడల్పు. యిరుసుకు వాషర్లు వేసి, సన్నపు చెయిను మార్చి, గేరు మార్చే మీట కుడిచేతి దగ్గర బిగించారు. మొదటి రోజు గర్వంగా వంతెన నడుమ గేరు మార్చాను. చెయిను వూడి పడింది. బ్రేకు పట్టుకుని కూర్చున్నాను, కుర్రాడే పరుగెత్తుకొచ్చి యెక్కించాడు. "యెత్తు మొదలు గాక ముందే మార్వాలె సారూ, బరువు మీదున్నప్పుడు గాదు" అని మిస్త్రీ సాయంత్రం చీవాట్లు పెట్టాడు.

మర్నాడు వంతెన మొదట్లోనే పెద్ద చక్రానికి మార్చాను. నిమిషానికి 30 చుట్లు తిప్పితే గంటకు 4 కిలోమీటర్ల పైచిలుకు. అంటే మనిషి నడక. కుర్రాడు అలవాటు కొద్దీ వెనక్కి వెళ్ళి చేయి వేయబోయాడు, బండి కదిలిపోయింది. వాడికేం చేయాలో తోచలేదు కాబోలు, రెండంగల్లో నా పక్కకు వచ్చి నడవసాగాడు.

"సార్, త్రిక సంధి అడిగాను, గుర్తుందా?"

"ఆ, యీ, యే అనేవి త్రికమోయ్..." అని మొదలుపెట్టాను. 'ఈ కాలము' ఇక్కాలము అయ్యేసరికి వంతెన పైకి వచ్చేశాం.