జీడిమెట్ల షెడ్డులో ఓ హెరాల్డ్

షాపూర్‌నగర్ నుంచి జీడిమెట్ల ఇండస్ట్రియల్ ఏరియాలోకి మళ్లితే ముందుగా పలకరించేది వాసన. ఒక సందులో లేత్ మిషన్ల కటింగ్ ఆయిల్, ఇంకో సందులో కరిగిన ప్లాస్టిక్, మందుల ఫ్యాక్టరీల వైపు వెళ్తే ముక్కుపుటాలు మండించే ఘాటు. ఆ తర్వాత చప్పుడు. మధ్యాహ్నం భోజనానికి మిషన్లు ఆపినప్పుడు గానీ మనం అప్పటిదాకా అరుస్తూ మాట్లాడుతున్నామని తెలీదు. చూడటానికంటూ ఇక్కడికి ఎవరూ రారు. నేను మాత్రం మొన్న వానాకాలంలో వరసగా ఐదు ఆదివారాలు వెళ్లాను. మా బావ తన కారు అమ్ముతున్నాడు, పక్కన ఒక మనిషి ఉండాలన్నాడు.

కారు అంటే నడిచే కారు కాదు. ఛాసిస్ స్టాండ్ల మీద ఉంది. ఇంజన్ పక్కన ఇనుప చట్రం మీద ఉంది. తలుపులు గోడకు ఆనించి ఉన్నాయి. మిగిలినదంతా నలభైకి పైగా డబ్బాల్లో ఉంది. పదమూడేళ్ల పని అది. పేరు స్టాండర్డ్ హెరాల్డ్, 1966 మోడల్, రెండు తలుపులది.

ఈ తరం వాళ్లకు హెరాల్డ్ అంటే తెలీకపోవచ్చు. అరవైల్లో మన దేశంలో కారు కొనాలంటే మూడే దారులు. కలకత్తా దగ్గర తయారయ్యే అంబాసిడర్, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్. ఇంగ్లండ్‌లో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌ని మద్రాసు కంపెనీ 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారు చేసింది. గీసినవాడు ఇటలీకి చెందిన మికెలోట్టి. 948 సీసీ ఇంజన్, వెనక తోకల్లాంటి అంచులు. బానెట్ మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముందుకు వాలిపోతుంది. టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. పాతిక అడుగుల వెడల్పుంటే చాలు, గుండ్రంగా తిరిగేస్తుంది. పాతబస్తీ సందుల్లో హెరాల్డ్ నడిపిన పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ తిరుగుడు గురించే చెబుతారు.

మరి ఇది స్పోర్ట్స్ కారా? బావనడిగితే అవునంటాడు. ఆయన వాదన ఇదీ. 1962లో ఇంగ్లండ్‌లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ఖాయంగా స్పోర్ట్స్ కారు. దాని కింద ఉన్నది హెరాల్డ్ ఛాసిస్సే, కాస్త పొట్టి చేసి వాడారు. గీసిన చెయ్యి కూడా ఒకటే. పైగా హెరాల్డ్ పైకప్పు బోల్టులతో బిగించింది, విప్పితే తెరిచిన కారైపోతుంది. బావ కూడా విప్పాడు. నాకైతే అది స్పోర్ట్స్ కారుకు వరసకు అన్న అనిపిస్తుంది, అంతే. కానీ కొనడానికి వచ్చినవాళ్ల ముందు ఆ మాట అనలేదు.

ఆ బోల్టుల వెనక ఒక కథ ఉంది. యాభైల్లో స్టాండర్డ్-ట్రయంఫ్‌కు బాడీలు చేసిపెట్టే ఫిషర్ అండ్ లడ్లో అనే కంపెనీని పోటీ కంపెనీ కొనేసింది. కొత్త కారుకు ఒక్క ముక్కగా బాడీ చేసిచ్చేవాళ్లు దొరకలేదు. దాంతో ఛాసిస్ వేరుగా పెట్టి, బాడీని ముక్కలు ముక్కలుగా వేర్వేరు చోట్ల చేయించి, బోల్టులతో కలిపారు. అక్కడ గతిలేక చేసిన పని మద్రాసులో కారు కట్టడానికి సులువైంది. ఇంకో యాభై ఏళ్లకు జీడిమెట్లకూ పనికొచ్చింది. ఒక్కో ముక్కనూ విప్పి, ఆటో ట్రాలీలో వేసుకుని, దానికి తగిన షెడ్డుకు పట్టుకెళ్లొచ్చు. మరో కారైతే మొత్తం బండిని మోయాల్సి వచ్చేది.

అసలు ఇలాంటి పని ఇక్కడే ఎందుకు సాగుతుందో చెప్పాలి. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ బాలానగర్ దగ్గర మందుల ఫ్యాక్టరీ పెట్టింది. 1965లో నర్సాపూర్ రోడ్డు మీద హెచ్‌ఎంటీ మిషన్ టూల్స్ యూనిట్ వచ్చింది. 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్. ఐడీపీఎల్‌లో పని చేసిన అంజిరెడ్డి బయటికొచ్చి తర్వాత డాక్టర్ రెడ్డీస్ పెట్టిన సంగతి అందరూ చెప్పుకుంటారు. మందుల కథ అలా పుస్తకాలకెక్కింది. ఇనుము కథ ఎక్కలేదు. టర్నర్లు, ఫిట్టర్లు, గ్రైండర్లు కూడా ఇలాగే పని నేర్చుకుని చింతల్, జీడిమెట్ల సందుల్లో ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషన్‌తో సొంత షెడ్లు వేసుకున్నారు. మా బావ కూడా టూల్‌రూమ్ మనిషే. వెంట్రుకలో పదో వంతు తేడా వేలితో పట్టుకునే రకం.

హెరాల్డ్ ముందు చక్రాల దగ్గర ట్రన్నియన్ అని ఒక కంచు ముక్క ఉంటుంది. స్టీరింగ్ తిప్పితే చక్రాన్ని మోసే ఉక్కు కడ్డీ దాని మరల్లో తిరుగుతుంది. దానికి గేర్ ఆయిల్ పట్టించాలి. మన మెకానిక్కులు చాలామంది అలవాటుగా గ్రీజు కొట్టేవారు. గ్రీజు మరల లోపలిదాకా పోదు, నీళ్లు చేరతాయి, తుప్పు పడుతుంది. ఒకరోజు మలుపులో కడ్డీ విరిగి చక్రం పడుకుంటుంది. బావ కారుకు రెండు వైపులా అవి అరిగిపోయాయి. ఇంగ్లండ్‌లో ఈ కార్ల వాళ్లకు 1977 నుంచీ క్లబ్ ఉంది, సామాన్లన్నీ దొరుకుతాయి. తెప్పించుకుంటే ముక్క ధర కంటే రవాణా, కస్టమ్స్ ఎక్కువ. అందుకని పాత ముక్కను నమూనాగా ఇచ్చి ఫేజ్-2లో ఒక ముసలి టర్నర్‌తో చేయించాడు. మరలు అంగుళాల లెక్కవి, మన దగ్గరున్న కొలతలన్నీ మిల్లీమీటర్లవి. మొదటి రెండు జతలు పారేశారు. మూడోది కుదిరింది. దానికి ఆ టర్నర్ తీసుకున్నది రెండు వేల రూపాయలు, ఇంట్లో మామిడి పండ్లు.

అలా ఒక్కొక్కటీ జరిగింది. ఛాసిస్ పక్క చేతులు తుప్పు తినేస్తే కొత్త రేకు వంచి వెల్డింగ్ చేశారు. ఇంజన్ బోరింగ్ అయింది. గేర్‌బాక్స్ అయింది. 2020 అక్టోబరు వానలకు ఫాక్స్‌సాగర్ నిండి కొంపల్లి ఉమామహేశ్వర కాలనీ మునిగినప్పుడు ఈ షెడ్డులోనూ చీలమండ లోతు నీళ్లొచ్చాయి. కారు స్టాండ్ల మీద ఉండబట్టి బతికింది. 1897లో నిజాం కాలంలో కట్టిన చెరువది, దాని పాత దారి దానికి గుర్తే.

ఆగింది రేకు పని దగ్గర. సుత్తి, దిమ్మెతో రేకును చేత్తో సాగదీసే డెంటర్ లాక్‌డౌన్‌లో ఊరెళ్లి మళ్లీ రాలేదు. ఇప్పటివాళ్లు పాత రేకు తీసి కొత్తది బిగిస్తారు, లేదంటే పుట్టీ పూస్తారు. హెరాల్డ్‌కు కొత్త రేకు ఎక్కడిది? పుట్టీకి బావ ఒప్పుకోడు. మూడేళ్లు అలాగే గడిచాయి. ఈలోగా టర్నర్ పోయాడు. బావకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. చివరికి షెడ్డు యజమాని, స్థలం అమ్ముతున్నా, దసరాలోపు ఖాళీ చెయ్యమన్నాడు. ఫ్యాక్టరీలను ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి పంపాలన్న మాట ఇక్కడ ఏళ్లుగా వినిపిస్తున్నదే. సుచిత్ర వైపు నుంచి అపార్ట్‌మెంట్లు ఒక్కో సందూ దాటుకుంటూ వస్తున్నాయి.

కొడుకు డాలస్ నుంచి వీడియో కాల్‌లో ‘అమ్మకు డాడీ’ అంటాడు. షెడ్డు కిరాయి కట్టేది మాత్రం డాడీయే.

బావ నోటు పుస్తకంలో ఖర్చు నాలుగు లక్షల ఎనభై ఆరు వేలు. ఆయన సొంత కూలీ అందులో లేదు. ‘ఐదు చెప్తా, నాలుగున్నరకు దిగుతా’ అన్నాడు. నేను నోరు మెదపలేదు. అమ్మేవాడు అయిన పనిని లెక్కపెడతాడు, కొనేవాడు మిగిలిన పనిని లెక్కపెడతాడు. రెండూ ఒకే కాగితం మీద కుదరవు.

మొదటి ఆదివారం వచ్చింది పాత సామాన్ల వ్యాపారి. కారుకేసి చూడనే లేదు, షెడ్డు చుట్టూ చూశాడు. ‘మొత్తం ఎనిమిది వందల కిలోలుంటది సార్. కిలోకు ముప్పై ఇస్త. అల్యూమినియం, ఇత్తడి వేరే లెక్క.’ ఇరవై నాలుగు వేలు. తప్పేం లేదు, ఆయన తూకం ఆయనది. బావ చాయ్ తాగించి పంపాడు.

రెండో వారం ఇద్దరు కుర్రాళ్లు. ప్రీ-వెడ్డింగ్ ఫొటోలు తీసే స్టూడియోవాళ్లు. ఇంజన్ అక్కర్లేదట, పైకి రంగేసి నాలుగు చక్రాల మీద నిలబెడితే చాలట. కొంపల్లిలో తోటలో పెట్టుకుంటారట. లక్షా ఇరవై అన్నారు. నాకు ఆశ పుట్టింది. బావ ఆ ఇంజన్ వైపు చూసి ‘మరి ఇదేం జేస్తరు?’ అన్నాడు. ‘మీరే ఉంచుకోండి అంకుల్’ అన్నారు. అక్కడితో ఆ బేరం చెడింది.

మూడోవారం ఫోన్ బెంగళూరు నుంచి. గేర్‌బాక్స్, ఆ ట్రన్నియన్లు, బానెట్, ఈ మూడింటికే లక్షన్నర. ఇది గట్టి బేరం. విడదీసి అమ్మితే నిజంగానే ఎక్కువ వస్తుంది. హెరాల్డ్ నడుపుకునేవాళ్లకు సామాన్లు కావాలి గానీ ఇంకో హెరాల్డ్ అక్కర్లేదు. ‘ముక్కలుగా తెచ్చిన బండి కాదు కదా బామ్మర్దీ’ అన్నాడు బావ. ఆ రాత్రి అక్క నాకు ఫోన్ చేసింది. మూడు నెలల కిరాయి బాకీ ఉందని అప్పుడే తెలిసింది.

నాలుగోవారం వచ్చినాయన కరీంనగర్ మనిషి, రిటైరైన లెక్చరర్. తండ్రికి హెరాల్డ్ ఉండేదట, ఆయన కాలేజీలో ఉండగా అమ్మేశారట. కారు కంటే ముందు కాగితాలు అడిగాడు. అప్పుడే మేం దారికొచ్చాం. పదమూడేళ్ల కింద కొన్నప్పుడు ఆర్సీ బావ పేరుకు మారింది, తర్వాత రెన్యువల్ కాలేదు. మామూలు రెన్యువల్ కావాలంటే బండి తీసుకెళ్లి చూపించాలి, డబ్బాల్లో ఉన్నదాన్ని చూపించలేం. ఇంకో దారి ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాల నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన సొంత బండ్లకు అది. కొత్తగా చేయిస్తే ఇరవై వేలు, పదేళ్లు చెల్లుతుంది. పాత నంబరు ఉన్నవాళ్లు దాన్నే ఉంచుకోవచ్చు. రోజూ ఆఫీసుకు వెళ్లడానికి కుదరదు గానీ ర్యాలీలకు, ప్రదర్శనలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తియ్యొచ్చు. షరతు ఒకటే: బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకూడదు.

‘మరి టాప్ తీసేసిన్రు కదా?’ అన్నాడాయన.

బావ లేచి షెడ్డు వెనక్కి నడిచాడు. కప్పు కింద రెండు దూలాల మధ్య టార్పాలిన్‌లో చుట్టి వేలాడుతోంది పైకప్పు. బోల్టులు కూడా ఒక హార్లిక్స్ సీసాలో నూనెలో మునిగి ఉన్నాయి. సీసా మీద ‘టాప్, 1 నుంచి’ అని రాసి ఉంది. లెక్చరర్ గారు ఆ సీసాను చాలాసేపు చేతిలో తిప్పుతూ చూశారు. తర్వాత ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిచూసుకున్నారు. రెండు లక్షల పది వేలు. బయానా పది వేలు అక్కడే చేతిలో పెట్టారు.

నాలుగు లక్షల ఎనభై ఆరు వేలకు రెండు లక్షల పది వేలు. నష్టమే, ఎటు లెక్కేసినా. బావ మళ్లీ బేరమాడలేదు, నన్నూ ఆడనివ్వలేదు. పాత సామాన్ల వ్యాపారి తూకానికి ఇది ఎనిమిది రెట్లకు పైనే అని నేను దారిలో లెక్కేసి చెప్పాను. వినిపించుకున్నట్టు లేదు.

ఐదో ఆదివారం పొద్దున్నే డీసీఎం వచ్చింది. ఎక్కించడానికి ఐదున్నర గంటలు పట్టింది. ముందు ఛాసిస్, తర్వాత ఇంజన్, తలుపుల మధ్య పాత పరుపులు, ఆఖరున డబ్బాలు. ప్రతి డబ్బాకు నంబరు, నోటు పుస్తకంలో దానికి ఎదురుగా లోపలేముందో. ఆ పుస్తకం కూడా ఇచ్చేశాడు. నేనైతే జిరాక్స్ తీయించి ఉంచుకునేవాణ్ని. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలయ్యాయి. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. అప్పటిదాకా ఏదైనా జరిగితే పేరు మనదే కాబట్టి, డెలివరీ కాగితం మీద తేదీతో పాటు టైమ్ కూడా రాయించాను. పగలు పన్నెండు గంటల నలభై నిమిషాలు.

డీసీఎం సుచిత్ర దిక్కు వెళ్లాక షెడ్డు ఊడ్చాం. వంగిన బోల్టులు, రేకు ముక్కలు, పాడైన రెండు జతల ట్రన్నియన్లు ఒక గోనెసంచిలో పోశాం. మొదటివారం వచ్చిన వ్యాపారికే ఫోన్ చేశాడు బావ. ఆయన మోపెడ్ మీద వచ్చి కాటా పెట్టాడు. ఇనుము ముప్పై ఎనిమిది కిలోలు. కంచు విడిగా తూచాడు.